దుక్కి తగ్గితే కలుపు ఎవరి నెత్తిన?

సోయాచిక్కుడుకు దుక్కులు తగ్గించుకోండి, డీజిలు ఖర్చు మిగులుతుంది, నేలా బాగుపడుతుంది అని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మంచి మాటే. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా పండేది ఎక్కువగా నల్లరేగడిలో. ఎండాకాలం ఆ నేల నెర్రెలు విచ్చుతుంది, తొలకరికి ఉబ్బుతుంది. ఒకరకంగా తనను తానే దున్నుకుంటుంది. తడి ఆరకముందే ట్రాక్టరు దింపితే బెడ్డలు లేస్తాయి, చక్రాల కింద నేల గట్టిపడుతుంది. అలాంటి నేలను పదే పదే దున్నడం దండగే.

కానీ దుక్కి చేసేది నేలను గుల్ల చేయడం ఒక్కటే కాదు, కలుపును చంపడం కూడా. దున్నడం తగ్గిస్తే కలుపు ఎక్కడికీ పోదు కదా! ఎవరో ఒకరు తీయాలి. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం ఖర్చుల లెక్కలో కనబడదు.

సోయాకు మొదటి ముప్పై, నలభై రోజులే గండం. అవి సరిగ్గా జూలై ముసురులో పడతాయి. రేగడి తడిస్తే కాలు దిగబడుతుంది, గుంటక సాగదు, కూలీలూ దిగలేరు. వాన తెరిపి ఇచ్చేసరికి గరిక, తుంగ, గునుగు పైరును మించి లేస్తాయి. అందుకే రైతు కలుపుమందు డబ్బా పట్టుకున్నాడంటే అతన్ని తప్పుపట్టలేను. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. అందులో కలుపు కూలికి ఎంతని తీస్తాడు?

నా పేచీ ఆ లెక్కతోనే. కలుపు తీత మన పల్లెల్లో ఆడవాళ్ల పని. వానాకాలంలో వాళ్ల చేతికొచ్చే నాలుగు డబ్బులూ చాలావరకు అందులోవే. మందు కొట్టేది మగవాళ్లు. కూలి అటు మారిపోతుంది. పోనీ, ఆడవాళ్లు మందుకు దూరంగా ఉంటారా అంటే అదీ లేదు. విత్తిన ఇరవై రోజుల ప్రాంతంలో కొట్టే ఇమాజితాపిర్‌కు ఎకరానికి 200 లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లు మోసేదెవరు? మందుతో తడిసిన చొక్కా, లుంగీ ఉతికేదెవరు? చేతులకు తొడుగులు వేసుకో, ముఖానికి గుడ్డ కట్టుకో అని కొట్టేవాడికి చెబుతారు. ఉతికే ఆవిడకు చెప్పరు.

పైగా కలుపు కూడా మందుకు అలవాటు పడుతుంది. అమెరికాలో 1996లో గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయా వచ్చాక దున్నని సాగు బాగా పెరిగింది. నాలుగేళ్లకే, 2000లో, డెలావేర్ రాష్ట్రపు సోయా చేలలో ఆ మందుకు చావని కలుపు బయటపడింది. అలాంటి జన్యుమార్పిడి సోయా సాగుకు మన దేశంలో అనుమతి లేదు. అయినా ఏటా ఒకే మందు కొడుతూ పోతే ఇక్కడా అదే పాట్లు.

గునుగు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మనం బతుకమ్మలో పేర్చుకునే గునుగు పువ్వు చేలో కలుపే! చెంచలి కూర, దొగ్గలి కూర కూడా అంతే. కలుపుకు పోయినామె కొంగులో కట్టుకొస్తే రాత్రికి కూరయ్యేది. మందు కొట్టిన చేలో వాటినెలా తెంపుకుంటాం?

అయితే మళ్లీ నాలుగు దుక్కులు దున్నమంటావా అంటారేమో. అక్కర్లేదు. తొలకరికి మొలిచిన కలుపును విత్తే ముందు గుంటకతో పైపైన కోసేస్తే బెడద చాలా తగ్గుతుంది. సాళ్లు సరిగ్గా పడితే పైరు తొందరగా కమ్ముకుని కిందికి ఎండ తగలనివ్వదు. చేత్తో తోసే చక్రాల కలుపు యంత్రాలను మహిళా సంఘాలకిచ్చి అద్దెకు తిప్పుకోనిస్తే కూలి డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది. రేగడి బంక చక్రానికి చుట్టుకుంటుందన్నది నిజమే. అందుకే వెడల్పాటి ఎత్తు మడులు, మధ్యలో కాలువలు వేసి విత్తుకోవాలి. నీళ్లు కాలువల్లోకి దిగి మడి త్వరగా ఆరుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు రేగడి నేలల కోసం 1970లలోనే పని చేసిన పద్ధతి ఇది.

దుక్కి తగ్గించమని చెప్పేవాళ్లను నేనడిగేది ఒక్కటే. ఎకరానికి ఎన్ని లీటర్ల డీజిలు మిగిలిందో రాసే కాగితం మీదే, ఎన్ని ఆడకూలి దినాలు తగ్గాయో కూడా రాయండి.