క్రాక్ కాపీలు వదిలేద్దాం! లైసెన్స్ చదివి, దర్జాగా వాడుకుందాం!

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, మల్లాపూర్, బోడుప్పల్ వాసులారా!
డీటీపీ, ఫ్లెక్సీ షాపులు నడిపే అన్నలారా, అక్కలారా!
ఇంజనీరింగ్ విద్యార్థులారా! ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న యూనిట్లు నడుపుకుంటున్న మిత్రులారా!

కొత్త కంప్యూటర్ కొనగానే షాపువాడు చెప్పే మాట మనందరం విన్నదే: "ఆఫీసు, ఫొటోషాపు, పేజ్‌మేకర్ అన్నీ వేసిస్తాం సార్, ఫ్రీ!" ఆ వేసేది క్రాక్ కాపీ, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ. క్రాక్ పనిచేయాలంటే చాలాసార్లు ముందు యాంటీవైరస్ ఆపేయాలి. అలా తలుపులు బార్లా తెరిచిన కంప్యూటర్‌లోనే కస్టమర్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, పెళ్లిళ్ల ఫొటోలు పెట్టుకుంటున్నాం. ఇంతా చేసి వాడుతున్న పేజ్‌మేకర్ 7 ఎప్పటిదో తెలుసా? 2001 నాటిది!

"అందరూ వాడుతున్నారు, అడిగేవాడెవడు?" అంటారా? చట్టం అడుగుతుంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా కథ, నవల లాగే సాహిత్య రచనల లెక్కలోకి వచ్చింది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి కాక సొంతానికి వాడితే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో కోర్టు వదిలిపెట్టవచ్చు. షాపు నడిపేవారికి ఆ వెసులుబాటు లేదు.

మరి దారి లేదా? ఉంది. లిబ్రేఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్: లెటర్లకు, ఫొటోలకు, డిజైన్లకు, పేజీలు పెట్టడానికి ఇవి చాలు. ఇవన్నీ ఓపెన్ సోర్స్, అంటే రాసిన కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్. పైసా కట్టక్కర్లేదు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. తెలుగు అక్షరాలూ ఉన్నాయి. నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టిన ఎన్టీఆర్ పేరుతోనే ఒక ఫాంటు ఉంది. మండలి, గిడుగు, సూరన్న, రామభద్ర లాంటి మరికొన్ని ఫాంట్లతో పాటు దాన్నీ పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ అందరికీ విడుదల చేసింది. హైదరాబాద్‌లో పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ వాళ్లు ఏకంగా తెలుగులో నడిచే గ్నూ/లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేశారు.

అయితే ఒక్క సంగతి మరువకండి. ఊరికే వచ్చింది కదా అని దిక్కూ మొక్కూ లేని సొత్తనుకోకండి! ఓపెన్ సోర్స్‌కూ కాపీరైట్ ఉంది, యజమాని ఉన్నాడు. "ఈ షరతులకు ఒప్పుకుంటే వాడుకో" అని ఆయన ముందే రాసిచ్చిన అనుమతి పత్రమే లైసెన్స్. షరతు తప్పితే ఆ అనుమతీ పోతుంది.

ముఖ్యంగా తెలియాల్సినవి ఇవీ:

• ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ: వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి. అసలు రచయిత కాపీరైట్ వాక్యాన్ని, లైసెన్స్ పాఠాన్ని మాత్రం తీసేయొద్దు.

• జీపీఎల్: రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో రాసింది. లినక్స్ కెర్నెల్ దీని రెండో వెర్షన్ కిందే వస్తుంది. మీరు దాన్ని ఇంకొకరికి ఇస్తే, లేదా అమ్మితే, సోర్స్ కోడ్‌ను అదే లైసెన్స్‌తో వాళ్లకు అందుబాటులో పెట్టాలి. మీ ఆఫీసు లోపలే వాడుకుంటే ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

• ఓపెన్ ఫాంట్ లైసెన్స్: పై తెలుగు ఫాంట్లు దీని కిందివే. వాటితో శుభలేఖ కొట్టండి, ఫ్లెక్సీ వేయండి, పుస్తకం అచ్చేసి అమ్మండి. మీ పుస్తకం మీదే. ఫాంటు ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. అక్షరాలు మార్చి విడుదల చేస్తే అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. రచయిత తనకని అట్టిపెట్టుకున్న పేరును దానికి వాడకూడదు.

• లైసెన్సే లేని కోడ్: గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తున్నా సరే, హక్కులన్నీ రాసినవారివే. చూడొచ్చు. తెచ్చి మన ప్రాజెక్టులో పెట్టుకోవడానికి అనుమతి లేనట్టే.

ఇవన్నీ కాగితం మీది మాటలనుకుంటే పొరపాటు. జీపీఎల్ షరతులు తప్పినందుకు ఫ్రాన్సులో ఆరెంజ్ అనే పెద్ద టెలికాం కంపెనీ మీద ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ఏళ్ల తరబడి పోరాడింది. 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టు ఆ చిన్న సంస్థకు 6,50,000 యూరోల పరిహారం ఇప్పించింది. కాపీరైట్ పెద్దోళ్లకే చుట్టం కాదు. మన పిల్లలు రాసిన కోడ్‌కూ అదే రక్ష!

నాచారం పక్కనే ఉన్న ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసింది. అలాంటి చోట ఉంటూ మనం ఇంకా దొంగ కాపీల మీద బతకడమేమిటి? అందుకే కదలండి!

డీటీపీ షాపులవాళ్లు: పాత ఫాంట్లలో కొట్టిన మ్యాటరంతా ఒక్కరోజులో మారదు. వచ్చే కొత్త జాబును పైన చెప్పినలాంటి యూనికోడ్ ఫాంటులో మొదలుపెట్టండి. అది కుదిరాక రెండోది. అలా ఒక్కొక్క క్రాక్‌నూ తీసేయండి.

విద్యార్థులు: ప్రాజెక్టు సెంటర్లో కొన్న కోడ్ మీద మీ పేరు వేసుకోవద్దు. వాడిన ప్రతి లైబ్రరీకి లైసెన్స్ ఏమిటో రిపోర్టులో ఒక పేజీ రాయండి. మీ సొంత కోడ్ పెట్టేటప్పుడు లైసెన్స్ ఫైలు తప్పక జతచేయండి.

యూనిట్ల యజమానులు: మీరు అమ్మే కెమెరా రికార్డర్లో, కంట్రోలర్ బోర్డులో లినక్స్ ఉందేమో ఇంజనీరును అడగండి. ఉంటే దాని సోర్స్ కోడ్‌ను కొన్నవారికి ఇచ్చే ఏర్పాటు చేయండి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కుర్రాళ్లు: నోటి మాట నీటి మూట! ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. బయట కాంట్రాక్టుకు రాసిచ్చే కోడ్ మీద హక్కులు బదిలీ కావాలంటే రాతకోతలు, సంతకం ఉండాలి. గడువు రాయకపోతే సెక్షన్ 19 ప్రకారం ఆ బదిలీ 5 ఏళ్లకే చెల్లుతుంది.

తల్లిదండ్రులు: "పిల్లలకు క్రాక్ కాపీల మీద నేర్పుతున్నారా, సార్?" అని స్కూల్లో, ట్రైనింగ్ సెంటర్లో ఒక్కసారి అడగండి. ప్రభుత్వ శాఖలు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. మన బడికి వచ్చిన అడ్డేమిటి?

క్రాక్ తీసేద్దాం! లైసెన్స్ చదువుదాం!
రాసినవారి పేరు నిలుపుదాం! నేర్చినది పదిమందికీ పంచుదాం!

ఇట్లు,
ఉప్పల్, నాచారం పరిసరాల ప్రోగ్రామర్లు, డీటీపీ పనివాళ్లు, విద్యార్థులు

(ఈ కరపత్రం క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్స్ కింద ఉంది. జిరాక్స్ తీసి పంచండి, మీ బస్తీకి తగ్గట్టు మార్చండి, అచ్చు ఖర్చుకు అమ్ముకున్నా అభ్యంతరం లేదు. ఎవరు రాసిందో చెప్పండి, ఏం మార్చారో చెప్పండి, ఇదే లైసెన్స్‌తో ముందుకు పంపండి.)