బోర్డు లేనిచోట ఫోటో తీయవచ్చునా?

శ్రీరామనవమికి భద్రాచలము పోయివచ్చిన ఒక సోదరి నాకిట్లు వ్రాసినది: "అంత దూరము పోయియు స్వామివారి ఫోటో ఒక్కటియైనను తీసికొననీయలేదు. సెల్‌ఫోను వెలుపలనే పెట్టి లోనికి పొమ్మనిరి. దేవుని చూడనిచ్చువారు దేవుని ఫోటో తీసికొననీయరేమి? మనమేమైనా దొంగలమా?"

ఈ సోదరి కోపము నేనెరుగనిది కాదు. ఇప్పుడు ప్రతి ఇంటను, ప్రతి చేతిలోను కెమేరా కలదు. చూచినదానినెల్ల దాచుకొనవలెనని మనసు తొందరపడుచుండును. దాచుకొనవలదని యెవరైన అడ్డగించినచో మన సొమ్మేదో లాగికొన్నట్లు బాధ కలుగును. కావున ఈ నెల ఈ విషయమునే ముచ్చటించుకొందము.

మొదట గుడి సంగతి. నవమి దినములలో భద్రాద్రి మెట్లెక్కినవారికి జనసమ్మర్దమన నెట్టిదో నేను చెప్పనక్కరలేదు. వామాంకమున సీతమ్మతో, ప్రక్కన లక్ష్మణస్వామితో కొలువైన ఆ చతుర్భుజ రాముని యెదుట ఒక్కొక్కరికి దొరకునవి కొన్ని క్షణములే. అందు నొకరు ఫోను పైకెత్తి, వెలుతురు సరిచూచుకొని, బాగుగ రాలేదని మరల తీయబోయిరా, వెనుకనున్న ముసలమ్మకు దక్కవలసిన క్షణము పోయినట్లే. అంతేకాదు. మొక్కు తీర్చుకొనుటకు వచ్చినవారి కన్నీరు, పిల్లలు లేక మ్రొక్కుకొనువారి వేదన, ఇవి మరియొకరి ఫోనులో చేరవలసినవి కావు. 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు తమిళనాడు దేవాలయములలో సెల్‌ఫోనులను నిషేధింపుమని ఉత్తరువు చేయుచు, ఆలయ పవిత్రతను కాపాడుటకే యని చెప్పెను. నిషేధము మనపై నమ్మకము లేక కాదు, మన ప్రక్కనున్నవారి కొరకు.

అటులని భద్రాచలములో దాపరికమేమియు లేదు. మిథిలా ప్రాంగణమున కల్యాణము వేలకొలది జనుల కన్నుల యెదుట జరుగుచున్నది. ఆకాశవాణి, దూరదర్శనములు దానిని ఇంటింటికి చేర్చుచునే యున్నవి. ఊరేగు దేవుని చూపుటకు అభ్యంతరము లేదు, సన్నిధిలోని ఏకాంతమును కాపాడుటకే కట్టుబాటు.

నిషేధములన్నియు ఒక్క తీరువి కావు. 2018లో కేంద్ర పురావస్తు శాఖవారు అజంతా గుహలలోను, లేహ్ రాజప్రాసాదములోను, తాజమహలులోని సమాధి మందిరమునందును తప్ప తక్కిన రక్షిత కట్టడములలో ఫోటోలు తీసికొనవచ్చునని ప్రకటించిరి. అజంతాలో కాపాడవలసినవి శతాబ్దముల నాటి వర్ణచిత్రములు. మన పాల్వంచ చెంతనున్న కిన్నెరసాని అభయారణ్యమునకు మరియొక పద్ధతి కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యమున ఫోటోలు తీయుటకై పోవువారికి అటవీశాఖవారి అనుమతి కావలయును. 2022లో ఆ చట్టమును సవరించినప్పుడు, ఫోటోల మూలమున మృగముల నెలవునకు మార్పుగాని చెరుపుగాని కలుగరాదని స్పష్టము చేసిరి. ఇక దేశరక్షణకు సంబంధించిన తావులందు 1923 నాటి అధికార రహస్యముల చట్టము వర్తించును. అట్టిచోట సరదాకు ఫోను తీసినను చిక్కులు తప్పవు.

చూచితిరా! గుడిలో భక్తుని కొరకు, గుహలో చిత్తరువు కొరకు, అడవిలో జింక కొరకు బోర్డు వ్రాసి పెట్టిరి. సామాన్యురాలగు ఒక ఆడుదాని కొరకు బోర్డు ఎక్కడ నున్నది? దారిన పోవుచున్నప్పుడు, నదిలో మునుగుచున్నప్పుడు, సంతలో గంప దించుకొని కూర్చున్నప్పుడు ఆమె ముఖము మీద "ఫోటో తీయరాదు" అని వ్రాసియుండదు గదా. నేను చెప్పదలచినది ఈ బోర్డు లేనిచోటును గురించియే.

మా అక్క కూతురుతో నేను ఒక నవమికి భద్రాచలము పోయితిని. తెల్లవారుజామున గోదావరిలో స్నానము చేసి మెట్లపై నిలిచితిమి. పిల్ల తడిసిన జుట్టు పిండుకొనుచున్నది. చీర ఇంకను ఆరలేదు. ఇంతలో ఒక యువకుడు ఫోనును ఆ కొననుండి ఈ కొనకు మెల్లగా త్రిప్పుచుండుట చూచితిని. ఒడలు మండినది. "ఏమి నాయనా, ఏమి తీయుచున్నావు?" అని అడిగితిని. "గోదావరిని తీస్తున్నానండి" అనెను. చూపుమంటిని. గోదావరి ఉన్న మాట నిజమే. నది నడుమ మా పిల్లయు నుండెను. అబ్బాయి చెడ్డవాడు కాడు. చూచుకొని తానే సిగ్గుపడి, మా యెదుటనే చెరిపివేసెను. నేను మాత్రము ఆ పూటంతయు లోకమునకు మర్యాద లేకుండ పోయినదని గొణుగుకొనుచునే యుంటిని.

మరునాడు పర్ణశాలకు పోవు దారిలో, ఒక ఇప్పచెట్టు క్రింద ఒక కోయ ముసలమ్మ రాలిన పువ్వులు ఏరుచుండెను. ప్రక్కన మనుమడు కాబోలు, చిన్నవాడు గంప పట్టుకొని నిలిచియుండెను. ప్రొద్దుటి యెండ, పచ్చని పువ్వులు, వంగిన ఆ నడుము. బండి ఆపించి దిగితిని. ఒక్క మాటయైన ఆడకుండ ఫోను ఎత్తితిని. ఆమె చూచి, ఏమియు అనక, కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని అటు తిరిగెను.

మా పిల్ల మెల్లగా, "పిన్నీ, నిన్న ఆ అబ్బాయి గూడ గోదావరినే తీసెనట" అనెను.

సోదరీమణులారా, ఆ మాట నాకు తగులవలసినచోట తగిలినది. ఫోను సంచిలో వేసి ఆమె దగ్గరకు పోయి కూర్చుంటిని. పువ్వు ఈ యేడు ఎట్లు రాలినదని అడిగితిని. ఆమె చెప్పినది. కొంతసేపటికి ఫోటో తీసికొందునా యని అడిగితిని. ఆమె నా ముఖము వంక చూచి, "తీసి ఏం జేస్తవమ్మా?" అనెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. నలుగురికి చూపుదును, వారు బాగున్నదందురు, అంతే కదా! ఆ మాట ఆమెతో చెప్పుటకు నోరు రాలేదు. ఫోటో తీయకయే లేచి వచ్చితిమి.

ఈ అడవి ప్రజల ఫోటోలు తీయుట నేటిది కాదు. హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు 1940 ప్రాంతమున నిజాము రాజ్యములో సంచరించి, గోదావరి యొడ్డు కొండలలో కొండరెడ్ల నడుమ నివసించి, వారి జీవనమును వ్రాసి 1945లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండనులో భద్రపరుపబడియున్నవి. అవి లేనిచో ఆనాటి కొండబ్రదుకు మనకు ఇంతగా తెలిసియుండెడిది కాదు. కావున ఫోటో తీయుటయే తప్పని నేననను. కాని ఆయన వారి గుడిసెల చెంత దినములు గడిపినవాడు. మనము పాపికొండల పడవ దిగి పేరంటపల్లిలో ఒక గంట నిలిచి, వెదురుబుట్ట బేరమాడుచు అల్లెడు చేతులను, చంకనున్న బిడ్డను అడుగకయే తీసికొని పోవుదుము. ఆ బిడ్డ తల్లి పేరైనను మనకు తెలియదు.

అండమానులలో జారవా తెగవారిని యాత్రికులు ఫోటోలు తీయుట నిషిద్ధము. 2012లో వారితో నాట్యము చేయించి తీసిన చలనచిత్రమొకటి బయటపడి దేశమునకు తలవంపులు తెచ్చినది. మన కోయలు, కొండరెడ్లు జారవాల వలె లోకమునకు దూరముగ నున్నవారు కారు. సంతకు వత్తురు, బిడ్డలను బడికి పంపుదురు, ఓటు వేయుదురు. వారి చుట్టు కంచె కట్టనక్కరలేదు. మన ఇంటి ఆడువారిని అడిగినట్లు వారిని గూడ అడిగిన చాలును.

ఆడువారి ఫోటో విషయమున అనుమతి యను మాట క్రొత్తది కాదు. రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాముగారి ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగ ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల స్త్రీ చేతిలో పెట్టెను. ఘోషా మంచిదా చెడ్డదా యనునది వేరు చర్చ. ఫోటో తీయించుకొనునామె ఇష్టమును, సంకోచమును ఆనాడే లెక్కలోనికి తీసికొనిరన్నది ఇక్కడ ముఖ్యము.

అమెరికాలో అబిగెయిల్ రాబర్‌సన్ అను యువతికి జరిగినది వినుడు. ఆమె ముఖచిత్రమును ఒక పిండి కంపెనీవారు ఆమెకు తెలియకయే ప్రకటన కాగితములపై అచ్చువేయించి ఊరూర అంటించిరి. అవి సుమారు 25,000. ఆమె సిగ్గుతో మంచము పట్టి, కోర్టుకు పోయినది. 1902లో న్యూయార్కు పెద్ద కోర్టు ఆమెకు న్యాయము చేయ నిరాకరించెను. జనులు మండిపడగా, మరుసటి యేడే, వ్రాతపూర్వకమైన సమ్మతి లేక ఒకరి చిత్రమును వ్యాపారమునకు వాడరాదని అచట శాసనము చేసిరి. ఒక యువతి ఓడిపోయిన వ్యాజ్యము తరువాతివారికందరకు రక్ష యైనది.

మన దేశమున 2017 ఆగష్టు 24వ తేదీన సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, మనుష్యుని ఏకాంతము రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. బహిరంగ స్థలమున ఫోటో తీయుట దానంతట నేరము కాదు. కాని స్త్రీ తన్నెవరును చూడరను నమ్మకముతో బట్టలు మార్చుకొనుచున్నప్పుడో, మరుగుదొడ్డిలో నున్నప్పుడో ఎవరైనను తొంగిచూచినను, ఫోటో తీసినను, దానిని ఇతరులకు పంపినను భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను క్రింద నేరమగును. మొదటిసారి ఒక సంవత్సరమునకు తక్కువ గాని శిక్ష, మూడేండ్ల వరకు విధింపవచ్చును. అందు మరియొక సంగతి ప్రతి తల్లియు బిడ్డలకు చెప్పదగినది. అట్టి చిత్రమును తీయుటకు ఆమె ఒప్పుకొన్నను, పంచిపెట్టుటకు ఒప్పుకొననిచో, పంచిపెట్టుట నేరమే. తీయనిచ్చినంత మాత్రమున లోకమునకు చూపుటకు ఒప్పుకొన్నట్లు కాదు.

కావున స్నానఘట్టములందు గుడ్డలు మార్చుకొను తావులలో కన్ను వేసి యుండుడు. అనుమానము కలిగినచో గొంతెత్తి అడుగుటకు జంకకుడు, నలుగురిని పిలువుడు. తీయరానిది తీసినాడని తెలిసిన యెడల తొందరపడి చెరిపింపక, అదియే సాక్ష్యము కావున, పోలీసువారిని పిలువుడు. అందులకు 112 అను సంఖ్య కలదు. చిత్రము అంతర్జాలమునకు ఎక్కినచో 1930 అను సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును. ఆడపిల్ల పరువు పోవునని నోరు మూసికొన్నచో బలము తప్పు చేసినవానికే కలుగును. పరువు పోవలసినది వానిది, పిల్లది కాదు.

ఇక మన చేతిలోని ఫోను సంగతి. తీయుటకు ముందు అడుగుడు. భాష రాకున్న ఫోను చూపి కనుసైగతో అడిగినను తెలియును. వలదన్నచో నవ్వి ఊరకుండుడు, రూపాయలు చూపి ఒప్పింపకుడు. ఒప్పుకొన్నచో తీసినది చూపుడు. వారికి నచ్చనిచో అక్కడనే చెరిపివేయుడు. వీలైన అచ్చొత్తించి ఒక ప్రతి పంపుడు. తడిబట్టలతో నున్నవారిని, ఏడ్చుచున్నవారిని, ఎదిరివారి బిడ్డలను అడుగక తీయకుడు. మన వెనుక ఎవరు పడిరో చూడకుండ చుట్టపక్కాలకెల్ల ఫోటోలు పంపకుడు.

గుడి వెలుపల ఫోను పెట్టుమనిరని వ్రాసిన సోదరీ, నీ కోపము న్యాయమే యనుకొందము. మరుసటి యేడు నీవు మరల భద్రాచలము పోయినప్పుడు, దారిలో ఏ కోయ అవ్వయో ఇప్పపువ్వు ఏరుచు కనబడినచో, ఫోను ఎత్తుటకు ముందు ఆమె నన్నడిగిన మాటను నీవే నిన్నడిగికొనుము. సమాధానము దొరికినచో ఆమెకు చెప్పి, ఆమె సరేయన్న పిమ్మట తీయుము. నాకు ఆనాడు దొరకలేదు.