పిరికి సైన్యానికి పది నిమిషాల రంగు

ముక్కు దోసకాయంత, ధైర్యం ఆవగింజంత. గోబ్లిన్ అంటే అదీ! పాశ్చాత్య జానపద కథల్లోని ఈ మరుగుజ్జు పిశాచాలకు బ్రిటన్‌లో ఇంటింటా సైన్యాలున్నాయంటే కంగారు పడకండి. ఒక్కొక్కటీ బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మ. అతికించి, రంగులేసి, బల్లమీద బారులు తీర్చి, పాచికలు వేస్తూ యుద్ధం చేయిస్తారు. ఆడేవాళ్లలో జుట్టు నెరిసినవాళ్లూ తక్కువేం కాదు.

ఈ సరదా నిన్నమొన్నటిది కాదు. రచయిత హెచ్.జి.వెల్స్ 1913లోనే బొమ్మ సైనికుల యుద్ధానికి నియమాలు రాసి 'లిటిల్ వార్స్' పేరుతో పుస్తకం వేశారు. 1983లో గేమ్స్ వర్క్‌షాప్ 'వార్‌హామర్' ఆట తెచ్చాక మంత్రగాళ్లూ రాక్షసులూ బల్లెక్కారు. 2015లో ఆపేసిన ఆ పాత ప్రపంచాన్నే 2024లో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో మళ్లీ తెచ్చారు.

చిక్కంతా గోబ్లిన్ల స్వభావంలోనే ఉంది. ఒంటరిగా దేనికీ కొరగావు కాబట్టి ఆటలో వాటి విలువ తక్కువ. నలుగురైదుగురు గుర్రపు వీరులకయ్యే పాయింట్లకు గోబ్లిన్లయితే గుంపే వస్తుంది. 2006లో వచ్చిన 'బ్యాటిల్ ఫర్ స్కల్ పాస్' పెట్టెలో నూరు దాటిన బొమ్మల్లో సగానికి పైగా ఇవే. ఇక లెక్క చూడండి. బొమ్మకు గంట చొప్పున నలభైకి నలభై గంటలు. ఆదివారానికి రెండు గంటలు కూర్చుంటే ఐదు నెలలు! మూడో వారానికే ఉత్సాహం నీరుగారి, డబ్బుపోసి కొన్న పెట్టె అటకెక్కుతుంది. ఇలా రంగుకు నోచుకోని బొమ్మల రాశిని వాళ్లు 'పైల్ ఆఫ్ షేమ్' అంటారు. సిగ్గుల గుట్టన్నమాట.

గుట్ట పెరగకూడదంటే ఒక్కో బొమ్మనూ ముద్దు చేయడం మానాలి. చట్రం నుంచి ముక్కల్ని కటర్‌తో కత్తిరించి, అచ్చు గీతల్ని చాకు వెనకవైపుతో గీకేయాలి. ఈ ఓపిక లేకపోతే తర్వాత రంగు ఆ గీతల్నే ఎత్తి చూపిస్తుంది. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు మామూలు జిగురు కాదు, రెండు ముక్కల అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకోవాలి. పిల్లలు చేస్తుంటే పెద్దలు పక్కనుండాలి.

నల్లముసుగు తొడిగే 'నైట్ గోబ్లిన్లు' రంగులేసేవాడి పాలిట వరం. నల్ల స్ప్రే కొట్టగానే సగం పని అయిపోయినట్టే! కాకపోతే తేమగా ఉన్న రోజున కొట్టొద్దు, పైపూత గరుకుగా తేలుతుంది. తర్వాత ఒక బొమ్మ పూర్తిచేసి ఇంకోటి అందుకోవడం కాదు, ఒక రంగు తీసి అన్నింటికీ వేయడం. ముఖాలకూ చేతులకూ ఆకుపచ్చ. ఇరవయ్యోది అయ్యేసరికి మొదటిది ఆరిపోతుంది. బల్లేల కర్రలకు గోధుమరంగు, మొనలకు వెండిరంగు. ఆపైన 'వాష్' అనే పల్చటి ముదురు రంగు పులిమితే అది ముడతల్లోకి జారి నీడలు తనే దిద్దుతుంది. అది బాగా ఆరాక 'డ్రైబ్రష్'. కుంచెకు లేతరంగు అద్ది, దాదాపు అంతా టిష్యూ కాగితానికి తుడిచేసి, ముక్కు మీదా ముసుగు అంచుల మీదా అలా అలా తాకించాలి. ముక్కుకు వెలుగు వచ్చేస్తుంది. 2019లో వచ్చిన 'కాంట్రాస్ట్' రంగులు ఒక్క పూతలోనే రంగూ నీడా ఇస్తాయి గానీ, వాటికి కింద తెలుపో లేతరంగో ఉండాలి. నలుపు మీద వేస్తే డబ్బులు దండగ.

కళ్ల సంగతంటారా? ఆవగింజలో సగం లేని కంటికి గుడ్డు దిద్దబోతే మెల్లకన్నే వస్తుంది. వదిలేయడం మేలని నా ఓటు. అంతగా మనసొప్పకపోతే ముందు వరసకు మాత్రం దిద్దండి. వెనకున్నవాళ్లకు ముసుగులే కనిపిస్తాయి. పీఠానికి జిగురు రాసి ఇసుక చల్లితే నేల కూడా సిద్ధం. బొమ్మకు పది నిమిషాలు పట్టిందనుకున్నా నలభైకి ఏడు గంటల లోపే.

అంత కష్టపడి బారులు తీర్చాక కూడా గోబ్లిన్లు గోబ్లిన్లే. ఎదుటివాళ్ల మీదికి వెళ్లాల్సింది, తమలో తామే తగవు పెట్టుకుని వంతు పోగొడతాయి. ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే తిరిగి చూడకుండా పరుగు. అప్పుడు ఆ ఇరవై బొమ్మల్నీ ఒకేసారి బల్లమీంచి తీసి పెట్టెలో సర్దుకోవాలి. రంగు గీసుకుపోకుండా, నెమ్మదిగా!