మెట్లు ఆగితే మేడ ఎవరికి?



మన సంఘ భవనంలో రెండో మెట్ల పని ఆగి మూడు నెలలైంది. పై హాలు నేలకు కొట్టిన కన్నం మీద టార్పాలిన్ కప్పి ఉంది. "ఇంత ఖర్చవుతుందని ముందే ఎందుకు చెప్పలేదు?" అని కొందరు, "కన్నం పూడ్చేసి బయట ఇనుప చుట్టుమెట్లు పెట్టేస్తే పోదా?" అని ఇంకొందరు వాట్సాప్‌లో రాస్తున్నారు. ఈ పనికి మొదటి నుంచీ పట్టుబట్టినవాళ్లం మేమే. కనుక జవాబూ మేమే చెప్పాలి. పని ఆపకూడదు. చుట్టుమెట్లు వద్దే వద్దు. ఎందుకో చదవండి.

మనది కాంక్రీటు స్లాబు కాదు, మద్రాసు టెర్రస్. టేకు దూలాలు వరసగా వేసి, వాటి మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన కప్పు. చెన్నపట్నం పాత ఇళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఇందులో ఒక దూలం కోస్తే అది మోసే బరువు ఎక్కడికీ పోదు, పక్క దూలాల మీద పడుతుంది. అందుకే కోసిన కొసలను పట్టుకోవడానికి అడ్డంగా ఇనుప గర్డరు వేయాలి. అది అంచనాలో ఉంది. అంచనాకు అందనివి గోడ లోపల దాగిన దూలాల కొసలు. పైకి గట్టిగా కనిపించే టేకు, లోపల చెమ్మకు నాని మెత్తబడింది. ఒకటి కాదు, నాలుగు దూలాలు. మెట్లు కడుతున్నందువల్ల కప్పు పాడైందని అంటున్నవారు ఒక్కసారి ఆలోచించండి. పాడైన కప్పు కిందే ఇన్నాళ్లూ పంతులమ్మ గారు పాఠం చెప్పారు. మెట్ల పుణ్యమా అని అది ఇప్పటికైనా బయటపడింది.

తర్వాత గోడ. సున్నపు గోడలో యాంకర్ బోల్టు బిగిస్తే చుట్టూ పొడి రాలింది. మెట్ల బరువు గోడకు వేలాడదీయడం కుదరదని ఇంజనీరు గారు తేల్చారు. అంటే కింది నుంచి సొంత స్తంభాలు లేపాలి. స్తంభానికి పునాది కావాలి. పునాదికి గుంట తవ్వితే పాత మురుగు గొట్టం అడ్డొచ్చింది. ఇందులో మేస్త్రి దొంగతనం లేదు, కమిటీ కుట్రా లేదు. పాత కట్టడం తన లోపల ఏముందో తెరిచాకే చెబుతుంది.

ఇక చుట్టుమెట్ల సంగతి. జనం కూడే భవనాల్లో మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని, పాదం మోపే వెడల్పు 300కి తగ్గకూడదని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మన అంతస్తు ఎత్తు 14 అడుగులు, అంటే సుమారు 4,270 మిల్లీమీటర్లు. భాగించి చూడండి, 29 మెట్లు వస్తాయి. చుట్టుమెట్లలో లోపలి అంచున పాదం సగమైనా ఆనదు. మోకాళ్ల నొప్పుల పెద్దలు 29 మెట్లు అలా ఎక్కుతారా? కంగారులో 40 మంది పిల్లలు అలా దిగుతారా?

2004 జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు మంటల్లో పోయారు. పై అంతస్తు నుంచి దిగడానికి అక్కడ ఉన్నది ఒక్కటే ఇరుకు మెట్ల దారి. ఆ సంగతి ఈ రాష్ట్రంలో ఎవరూ మరచిపోలేదు. మనకూ ఇప్పుడు ఉన్నది ఒక్కటే, మూడడుగుల చెక్కమెట్లు.

"పై హాలు వాడకపోతే సరిపోదా?" అన్నారు ఒకరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడిలో మన పిల్లలకు తెలుగు అక్షరం దొరకడం ఎంత కష్టమైందో మీకు తెలుసు. వారానికి రెండు గంటలు ఆ అక్షరం దిద్దించే చోటు ఆ పై హాలే. కింది హాలు పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నాం. పైది మూసేస్తే మన సంఘం కల్యాణ మండపంగా మిగులుతుంది. అందుకేనా మన తాతలు ఈ స్థలం కొన్నది?

డబ్బు లేదంటే మేము ఒప్పుకోం. ఉగాది వేదికకు, పూలకు, శాలువాలకు, సన్మానాలకు ఏటా చందాలు వస్తూనే ఉన్నాయి. శిలాఫలకం మీద పేరు ఉంటుందంటే ముందుకొచ్చే చేతులు, గోడలో దాగిపోయే గర్డరు అనేసరికి వెనక్కి పోతున్నాయి. కనిపించని పనికి ఇచ్చేదే అసలైన చందా.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము నాలుగు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, మిగతా దూలాల కొసలన్నీ తెరిచి చూపించి, ఇంజనీరు సంతకంతో కొత్త అంచనా వేయించాలి. రెండు, తెరిచాక బయటపడేవాటికి ఆ అంచనాలోనే విడిగా కొంత సొమ్ము పెట్టాలి. మూడు, ప్రతి బిల్లూ నోటీసు బోర్డు మీద అంటించాలి. నాలుగు, మెట్లు పూర్తయ్యేదాకా సన్మానాలు, శాలువాలు బంద్.

వ్యతిరేకించేవారు తప్పకుండా రండి. కానీ మాట్లాడే ముందు ఆ చెక్కమెట్లు ఒకసారి ఎక్కి, చేతిలో చంటిబిడ్డ ఉందనుకుని దిగి రండి. తర్వాత ఓటు వేద్దాం.