‘సెల్ఫ్-మేడ్’ అను విశేషణము: అర్థము, వినియోగము

ఆంగ్లభాషలో రెండు పదములను చిన్న గీతతో జోడించి ఒకే విశేషణముగా వాడు పద్ధతి కలదు. ‘హ్యాండ్-మేడ్’ అనగా చేతితో చేసినది. ‘హోమ్-మేడ్’ అనగా ఇంటిలో చేసినది. రెండవ పదము ఒక్కటే అయినను, మొదటి పదము ఒకచోట సాధనమును, మరొకచోట స్థానమును తెలుపుచున్నది. ఆ కోవకు చెందినదే ‘సెల్ఫ్-మేడ్’. ఇందు మొదటి పదము కర్తనే తెలుపును. తన్ను తానే తీర్చిదిద్దుకొన్నవాడని అర్థము. నామవాచకమునకు ముందు వచ్చినను, తరువాత వచ్చినను దీనిలోని గీతను విడువరాదు. సన్మాన సభలలోను, విద్యార్థుల సంభాషణలలోను తరచుగా వినవచ్చు ఈ మాటను గూర్చి మా అభిప్రాయమును మనవి చేయుచున్నాము.

ఇట్టి సమాసము మన భాషలకు క్రొత్త కాదు. ‘స్వయం’ అను పదము క్త ప్రత్యయాంతముతో సమసించునని పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమే చెప్పెను. ‘స్వయంకృతము’ అట్టిదే. కాని తెలుగువారు ఆ మాటను ఎక్కువగా అపరాధముతోనే చేర్చి పలుకుదురు! ఉర్దూలో ‘ఖుద్‌సాఖ్తా’ అనునది మాటకు మాటగా ‘సెల్ఫ్-మేడ్’ అనుటయే. అయినను ‘ఖుద్‌సాఖ్తా లీడర్’ అన్నచో, ఎవరును ఎన్నుకొనకయే తన్ను తాను నాయకునిగా చెప్పుకొనువాడని భావము. ఆంగ్లము పొగడ్తకు వాడు మాటను మన రెండు భాషలును సందేహముతో చూచుచున్నవి. కనుక అనువాదమున తెలుగులో ‘స్వయంకృషితో పైకి వచ్చినవాడు’ అనియు, ఉర్దూలో ‘అప్నీ మెహనత్ సే’ అనియు వ్రాయుటయే మేలు.

ఆ సందేహము అకారణము కాదు. 1832లో అమెరికా సెనేటునందు హెన్రీ క్లే తన కెంటకీ రాష్ట్రపు కర్మాగారముల యజమానులను ఈ విశేషణముతోనే శ్లాఘించెను. ఆ రాష్ట్రమున త్రాళ్లును, గోనెగుడ్డలును తయారుచేయు కర్మాగారములలో శ్రమించినవారు పెక్కుమంది బానిసలు. క్లే స్వయముగా బానిసల యజమాని. ఆ విశేషణములో వారి చేతులకు చోటు దొరకలేదు.

1859 మొదలు ఫ్రెడరిక్ డగ్లస్ ఇదే మాటను శీర్షికగా గైకొని పెక్కుమార్లు ఉపన్యసించెను. బానిసగా పుట్టి, 1838లో తప్పించుకొని, మహావక్తయైన ఆయనకు ఈ బిరుదు ఎవరికన్నను ఎక్కువగా తగును. అయినను నిజమునకు అట్టి మనుష్యుడు లోకమున లేడనియు, ప్రతివాడును ఇతరులకు ఋణపడియుండుననియు ఆయనయే చెప్పెను. ఆయనకు తొలి అక్షరములు దిద్దించినది యజమానురాలు. భర్త అడ్డుపడగా ఆమె మానివేసెను. పిమ్మట ఆయన వీధి బాలురకు రొట్టె ముక్కలిచ్చి చదువు నేర్చెను. పారిపోవుటకు అన్నా మర్రే ధనసహాయము చేసెను; ఒక నావికుడు తన పత్రములను ఎరువిచ్చెను. శ్రమ ఆయనదే, సాయము పలువురిది.

మన రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నొసగినది. ఆ హక్కు కళాశాలగా రూపొందుటకు దాతల చందాలును, అధ్యాపకుల ఓపికయు, పస్తులుండియైనను ఫీజు కట్టిన తల్లిదండ్రుల త్యాగమును కావలసివచ్చినవి. తన ఇంట మొదటి పట్టభద్రుడైన యువకుడు తన శ్రమను గూర్చి గర్వించుట న్యాయమే. కాని ఈ విశేషణముతో వారినందరిని తుడిచివేయుట న్యాయము కాదు.

కమిటీ పెద్దలకును ఒక విన్నపము. ‘పిల్లలు స్వయంకృషితో పైకి రావలెను’ అను సూక్తి ఉపకార వేతనమును తగ్గించుటకు సాకు కారాదు. పుస్తకము లేనివానికి స్వయంకృషి బోధించుట సులభము. పుస్తకము నిచ్చి బోధించుట ధర్మము.

ఈ విశేషణమును నిఘంటువునుండి తొలగింపుమని మేము కోరము. ఇతరుని శ్రమను మెచ్చుకొనుటకు దానిని వాడుదము. మన ఋణమును మరచుటకు వాడకుందుము.