పొగగొట్టాలు చల్లారిన ఊరు

అమెరికా అనగానే మన పల్లెల్లో చాలామందికి ఆకాశాన్నంటే మేడలు, డాలర్లు, అక్కడికి వెళ్ళిన బంధువులు పంపే ఫోటోలు గుర్తుకొస్తాయి. ఆ దేశంలో కూడా అన్నం పెట్టే పని ఒక్కపూటలో పోయి, దిక్కుతోచక పాదిరిగారి తలుపు తట్టిన ఊళ్ళున్నాయి. ఈ నెల అటువంటి ఊరు ఒకటి చూద్దాం. దాని పేరు యంగ్స్‌టౌన్. ఒహాయో రాష్ట్రంలో ఈశాన్య మూలన, మహోనింగ్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. ఇటు పిట్స్‌బర్గ్‌కు, అటు క్లీవ్‌లాండ్‌కు దాదాపు సమాన దూరం.

18వ శతాబ్దం చివర జాన్ యంగ్ అనే ఆయన అక్కడ భూమి కొన్నాడు. ఊరికి ఆయన పేరే నిలిచింది. కొద్దికాలానికే ఆ చుట్టుపక్కల ఇనుప రాయి, బొగ్గు, సున్నపురాయి దొరకటంతో కొలుములు వెలిశాయి. మన ఊరి కమ్మరి కొలిమిలో కర్రబొగ్గు, తిత్తి ఉంటాయి గదా! అదే సూత్రం. కాకపోతే అక్కడ కొలిమి పది తాటిచెట్ల లావు, ఎన్నో అంతస్తుల ఎత్తు. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్ అనే కాల్చిన బొగ్గు, సున్నపురాయి పోస్తారు. క్రిందినుంచి కాగిన గాలిని ఊదుతారు. అడుగున కరిగిన ఇనుము కాలువలుగా పారుతుంది. దీన్నే బ్లాస్ట్ ఫర్నేస్ అంటారు. ఒకసారి వెలిగిస్తే సంవత్సరాల తరబడి ఆర్పరు. పండుగ లేదు, పబ్బం లేదు. రాత్రివేళ విశాఖ ఉక్కు కర్మాగారం పక్కనుంచి వెళ్ళినవారికి ఆ ఎర్రని వెలుగు ఎలా ఉంటుందో తెలిసే ఉంటుంది. మహోనింగ్ లోయలో అలాంటి వెలుగు మైళ్ళ పొడవునా నది వెంట ఉండేది.

1900లో ఆ ఊరి పెద్దలే డబ్బు పోగుచేసి యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ అనే కంపెనీ పెట్టారు. స్థాపకుల్లో ఒకడైన జార్జి విక్ 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు చనిపోయాడు. కంపెనీ మాత్రం మునగలేదు, దేశంలో పేరున్న ఉక్కు కంపెనీల్లో ఒకటయింది. దానితోపాటు యు.ఎస్. స్టీల్, రిపబ్లిక్ స్టీల్ మిల్లులు కూడా అక్కడే ఉండేవి. స్లోవాకియా, ఇటలీ, హంగేరీ, పోలండ్, క్రొయేషియా దేశాలనుంచి పేద రైతుబిడ్డలు ఓడలెక్కి వచ్చారు. దక్షిణ రాష్ట్రాల పత్తి చేలనుంచి నల్లజాతివారు రైలెక్కి వచ్చారు. ఎవరి భాషలో వారు ఆరాధించుకొనేందుకు ఎవరి చర్చి వారు కట్టుకున్నారు. మిల్లులో పని ఒక్కటే అయినా బరువైన, వేడి ఎక్కువైన, జీతం తక్కువైన పని మాత్రం ఎక్కువగా నల్లవారికీ, కొత్తగా వచ్చినవారికీ పడేది. 1930 నాటికి ఊరి జనాభా 1,70,002.

ఆ రోజుల్లో ఆ పని ఎటువంటిదో చెప్పుకోవాలి. రోజుకు 12 గంటలు. చాలాచోట్ల వారానికి ఏడు రోజులూ పనే. పగటి షిఫ్టువారు రాత్రికి మారే వారంలో ఏకబిగిన 24 గంటలు నిలబడాల్సి వచ్చేది. ఆదివారం ఆరాధన ఎక్కడిది? బిడ్డలు మేలుకొని ఉండగా తండ్రి మొహం చూడని ఇళ్ళు ఎన్నో! 1916 జనవరిలో షీట్ అండ్ ట్యూబ్ మిల్లు దగ్గర సమ్మె జరుగుతుండగా కాపలాదారులు గుంపు మీదికి కాల్పులు జరిపారు. ఆ రాత్రి తూర్పు యంగ్స్‌టౌన్‌లో దుకాణాలు తగలబడ్డాయి. తరువాత కంపెనీ కార్మికులకు కాంక్రీటు ఇళ్ళు వరుసగా కట్టించింది. ఆ పేటకు చివరికి కంపెనీ అధ్యక్షుని పేరే పెట్టారు, క్యాంప్‌బెల్ అని.

1919 సెప్టెంబరులో దేశమంతటా ఉక్కు కార్మికులు లక్షల సంఖ్యలో సమ్మె చేశారు. సమ్మె ఓడిపోయింది. అయితే ఆ సమయంలో ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి ఏర్పరచుకున్న ఇంటర్‌చర్చ్ వరల్డ్ మూవ్‌మెంట్ ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు మెథడిస్టు బిషప్పు ఫ్రాన్సిస్ మెకానెల్. వారు మిల్లు ఊళ్ళకు మనుషులను పంపి, పని గంటలు, జీతాలు, ఇళ్ళు అన్నీ విచారించి 1920లో నివేదిక అచ్చువేశారు. కంపెనీలకు కోపం వచ్చింది. పాదిర్లకు ఉక్కు సంగతులు ఎందుకని కొందరు కానుకలిచ్చే పెద్దలు కూడా విసుక్కున్నారు. అయినా 12 గంటల పని సంగతి ఇక దాగలేదు. ప్రెసిడెంటు హార్డింగ్ కూడా పట్టుబట్టడంతో 1923లో ఉక్కు కంపెనీలు 8 గంటల పనికి ఒప్పుకున్నాయి. మన పత్రికలో ఇటువంటి సంగతులు ఎందుకని అడిగేవారు ఉండవచ్చు. సబ్బాతు విశ్రాంతి ఆజ్ఞ ఇచ్చిన దేవుడు దాసునికీ, దాసికీ, ఎద్దుకూ గాడిదకూ కూడా ఇచ్చాడు గనుక అది సంఘానికి సంబంధించిన సంగతే అని నా నమ్మకం.

తరువాతి అర్ధశతాబ్దంలో ఊరు బాగుపడింది. యూనియన్ వచ్చింది, మంచి జీతాలు వచ్చాయి. చదువు పెద్దగా లేనివాడు కూడా ఇల్లు కొనుక్కొని, కారు కొనుక్కొని, పిల్లలను కాలేజీకి పంపగలిగాడు. ఆరేసిన బట్టల మీద మసి పడితే ఆడవాళ్ళు మళ్ళీ ఉతుక్కొనేవారు. మసి పడుతున్నదంటే మిల్లు నడుస్తున్నదని అర్థం. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులో పనికి వెళ్ళిన కుటుంబాలు అనేకం.

కాని లోలోపల చెద పడుతూనే ఉంది. మహోనింగ్ నదిలో ఓడలు నడవవు. ఖనిజమంతా మిన్నెసోటానుంచి పెద్ద సరస్సుల మీద ఓడల్లో వచ్చి, రేవులో దిగి, మళ్ళీ రైలెక్కి రావాలి. ఆ ఖర్చు ఎక్కువ. జపాను, యూరపుల్లో యుద్ధం తరువాత కొత్త పద్ధతి కొలుములు వచ్చాయి. క్యాంప్‌బెల్ మిల్లులో మాత్రం పాత ఓపెన్ హార్త్ కొలుములతోనే నెట్టుకొచ్చారు. 1969లో న్యూ ఆర్లియన్స్‌కు చెందిన లైక్స్ అనే ఓడల కంపెనీ, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన షీట్ అండ్ ట్యూబ్‌ను అప్పుచేసి కొన్నది. ఊరివారి కంపెనీ ఊరు దాటిపోయింది. కొత్త యజమానులు అప్పు తీర్చుకోవటం మీద చూపిన శ్రద్ధ మిల్లు మీద చూపలేదని కార్మికులు ఇప్పటికీ అంటారు. ఆవుకు మేత వేయకుండా పాలు మాత్రం పిండుకుంటే ఎన్నాళ్ళిస్తుంది?

1977 సెప్టెంబరు 19, సోమవారం. క్యాంప్‌బెల్ మిల్లులో అధికభాగం మూసివేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. సుమారు 5,000 ఉద్యోగాలు. ముందుగా ఒక హెచ్చరిక లేదు. ఆ దినాన్ని అక్కడివారు నల్ల సోమవారం అని పిలుస్తారు. వారం తిరగకముందే లక్షకు పైగా సంతకాలతో కార్మికులు బస్సుల్లో వాషింగ్టన్‌కు వెళ్ళి మొరపెట్టుకున్నారు.

అప్పుడు ముందుకు వచ్చింది సంఘాలే. యంగ్స్‌టౌన్ కాథలిక్ బిషప్పు జేమ్స్ మెలోన్, ఒహాయో ఎపిస్కోపల్ బిషప్పు జాన్ బర్ట్ కలిసి ఇతర ప్రొటెస్టెంటు, ఆర్థడాక్సు, యూదు మతపెద్దలను పిలిచి ఒక కూటమి ఏర్పరచారు. దానికి మహోనింగ్ లోయ సర్వసంఘ కూటమి అని పేరు. అంతకుముందు ఎన్నడూ ఒక బల్లచుట్టూ కూర్చోనివారు ఉక్కు లెక్కలు నేర్చుకోవడానికి కూర్చున్నారు. మిల్లును అమ్మితే కార్మికులూ ఊరివారూ కలిసి కొని నడుపుకోవచ్చునని ఒక కార్మికుడు లేవదీసిన ఆలోచనను వీరు చేపట్టారు. నిపుణులచేత అధ్యయనం చేయించారు. "మన లోయను కాపాడుకుందాం" అని బ్యాంకుల్లో పొదుపు ఖాతాలు తెరిపించారు. మిల్లు కొనే రోజు వస్తే ఇస్తామని వాగ్దానం చేసి ఆ ఖాతాల్లో సామాన్యులు, సంఘాలు, దూరప్రాంతాల క్రైస్తవులు లక్షల డాలర్లు వేశారు. విధవరాండ్ర కాసులు కూడా అందులో ఉండే ఉంటాయి.

కాని మిల్లును తిరిగి నడపటానికి కావలసింది లక్షలు కాదు, కోట్లు. ప్రభుత్వం అప్పుకు హామీ ఉండాలి. 1979 మార్చిలో కార్టర్ ప్రభుత్వం ఆ హామీ ఇవ్వలేమని చెప్పేసింది. దానితో కూటమి ప్రయత్నం ఆగిపోయింది. కార్టర్ స్వయంగా ఆదివారపు బడిలో పాఠం చెప్పే బాప్టిస్టు విశ్వాసి అన్న సంగతి మన పాఠకుల్లో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయనను నిందించాలని ఈ మాట చెప్పటం లేదు. విశ్వాసులు ఇరువైపులా ఉన్నారని చెప్పటానికే.

అదే సంవత్సరం నవంబరు 27న యు.ఎస్. స్టీల్ కూడా అక్కడి తన మిల్లులను మూసివేస్తున్నానన్నది. మరో 3,500 ఉద్యోగాలు. లాభం వచ్చినంతకాలం మూయబోమని మేనేజర్లు కార్మికులకు చెబుతూ వచ్చారు. ఆ మాట నమ్మి వారు రెట్టించి పనిచేశారు. 1980 జనవరి 28న కార్మికులు యూనియన్ హాలునుంచి కొండ దిగి వెళ్ళి కంపెనీ కార్యాలయంలో కొన్ని గంటలు బైఠాయించారు. స్టాటన్ లిండ్ అనే క్వేకరు న్యాయవాది వారి పక్షాన కోర్టులో వాదించాడు.

ఆ కేసు విచిత్రమైనది. జడ్జి థామస్ లాంబ్రోస్ విచారణ మధ్యలో తానే ఒక ప్రశ్న లేవదీశాడు. ఇన్ని తరాలుగా ఊరూ కంపెనీ ఒకదానిమీద ఒకటి ఆధారపడి బ్రతికాయి, రోడ్లు, నీరు, బడులు అన్నీ మిల్లుకు అనుగుణంగా కట్టుకున్నారు, అలాంటప్పుడు ఊరికి ఆ మిల్లు మీద ఏదో ఒక హక్కు ఏర్పడలేదా? కార్మికులకు ప్రాణం లేచొచ్చింది. కాని కొద్ది వారాలకే, అటువంటి హక్కును గుర్తించే చట్టం లేదని ఆయనే తీర్పు చెప్పవలసి వచ్చింది. పై కోర్టు కూడా సానుభూతి చూపుతూనే అదే మాట అన్నది. నాబోతు ద్రాక్షతోట కథలో తోట ఎవరిదో రాజుకు తెలుసు, అయినా కాజేశాడు. ఇక్కడ కంపెనీ తన పేరున ఉన్నదే మూసుకున్నది, చట్టం ప్రకారం తప్పేమీ లేదు. అయినా ఆ జడ్జి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు వచ్చిందని నాకు అనిపించదు. 1988లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. పెద్ద కర్మాగారం మూసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలని. అంతవరకే.

ఆ తరువాతి ఐదారేళ్ళలో మిల్లులు, వాటిమీద ఆధారపడిన పనులు కలిసి పదులవేల ఉద్యోగాలు పోయాయి. ఇళ్ళ అప్పులు కట్టలేని కుటుంబాలను ఖాళీ చేయించమని కోర్టు ఆజ్ఞలిస్తే, జేమ్స్ ట్రాఫికాంట్ అనే షరీఫు నేను చేయనని మొరాయించి జైలుకు కూడా వెళ్ళాడు. జనం ఆయనను నెత్తిన పెట్టుకుని పార్లమెంటుకు పంపారు. అదే మనిషి 2002లో లంచం కేసులో దోషిగా తేలి ఆ సభనుంచి వెళ్ళగొట్టబడ్డాడు. కష్టకాలంలో మన పక్షాన నిలబడినవాడు చేసేదంతా మంచే అనుకోవటానికి వీల్లేదు, చేసిన మంచి అబద్ధమనీ కాదు.

యువకులు పనికోసం టెక్సాసు వంటి దూరపు రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. చర్చీలలో తల నెరిసినవారు మిగిలారు. బాప్తిస్మాలకంటే భూస్థాపనలు ఎక్కువయ్యాయి, కొన్ని సంఘాలు కలిసిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. 2020 జనాభా లెక్కల్లో ఊరి సంఖ్య 60,068. అంటే 1930లో ముగ్గురున్నచోట ఇప్పుడు ఒక్కరే. 2005లో ఆ నగరపాలకులు ఒక సాహసం చేశారు. మా ఊరు మళ్ళీ పెద్దది కాదు, చిన్న ఊరుగానే శుభ్రంగా బ్రతుకుదాం అని ప్రణాళికలో రాసుకున్నారు. ఏ రాజకీయ నాయకుడు అయినా ఒప్పుకోవటానికి జంకే మాట అది. పాడుబడిన ఇళ్ళు వేలల్లో పడగొట్టారు. కొన్ని వీధుల్లో ఇప్పుడు గడ్డి, చెట్లు.

బ్రయర్ హిల్‌లో జెనెట్ అని ముద్దుపేరు గల పాత కొలిమి ఉండేది. దానిని మ్యూజియంగా నిలుపుకోవాలని కొందరు తంటాలు పడ్డారు గాని, 1997లో కూల్చివేశారు. ఆ ప్రాంతంలోనే ఫ్రాన్సుకు చెందిన వలూరెక్ కంపెనీ 2010 తరువాత కొత్త పైపుల మిల్లు కట్టింది. చమురు బావులకు పైపులు చేస్తారు. యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. పూర్వం వేలమంది నడిచిన గేటు స్థలంలో ఇప్పుడు వందల్లో నడుస్తారు. అయినా సాయంత్రం షిఫ్టు వదలగానే టిఫిను డబ్బాలు పట్టుకుని కార్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళలో, తాత క్యాంప్‌బెల్ మిల్లులో చేశాడని చెప్పుకొనేవారు ఇంకా ఉన్నారు.