మన బీచ్‌కి ఒక్క స్టారేనా?

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిన రోజు రాత్రి, హాస్టల్ రూంలో నలుగురం కూర్చుని ఒక ట్రావెల్ వీడియో చూస్తున్నాం. జమైకాలో ఏదో బీచ్ టౌన్. రోడ్డు పక్కన డ్రమ్ములో కాలుతున్న చికెన్, కొబ్బరి బోండాలు, అద్దంలాంటి నీళ్ళు. "జాబ్ వచ్చాక ఫస్ట్ ట్రిప్ ఇక్కడికే" అన్నాడొకడు. "ముందు గోవా చూడరా" అన్నాడు ఇంకొకడు. మా గ్యాంగ్‌లో ఒకడిది పెడన. "మీ పక్కనే మంగినపూడి బీచ్ ఉంది కదరా?" అని అడిగా. వాడు నవ్వేసి, "అక్కడేముందిరా చూడ్డానికి?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. వాడి మీద కోపం కాదు, నా మీద నాకే. నేను పుట్టి పెరిగింది బెజవాడలో. రోజూ తిరిగేది బందరు రోడ్డు మీద. 70 కిలోమీటర్ల అవతల ఆ రోడ్డు చివర ఏముందో పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చూళ్ళేదు! అందుకే తర్వాతి ఆదివారం వాణ్ణి బతిమాలి బయల్దేరదీశాను.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. మంగినపూడిలో తెల్ల ఇసుక, నీలం నీళ్ళు ఉండవు. కాళ్ళకింద నల్లటి మట్టి. ఆన్‌లైన్‌లో చాలామంది "మురికి" అని రాసి ఒక్క స్టార్ ఇచ్చి పోతారు. కానీ అది మురికి కాదు, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రు. మనం తినే అన్నం పండేది కూడా ఆ మట్టిలోనే. అక్కడ నిజంగా మురికి ఏదైనా ఉందంటే మనం పారేసి వచ్చిన కవర్లూ సీసాలే. దానికి స్టార్లు ఇవ్వాల్సింది బీచ్‌కి కాదు, మనకి.

ఇక తిండి. బందరు లడ్డు అంటే మామూలు శనగపిండి లడ్డు అనుకునేవాణ్ణి. పిండిని జంతికల్లా నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచుతారట. అందుకే దానికి తొక్కుడు లడ్డు అని పేరు. 2017లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. నల్ల హల్వా కూడా వదలొద్దు. చేపలు తినాలంటే మాత్రం క్యాలెండర్ చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే తాటిముంజెలతో సరిపెట్టుకోండి, అవీ తక్కువేం కాదు.

చూడ్డానికి డచ్చివాళ్ళ సమాధులున్నాయి. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే ఇక్కడ వ్యాపారం పెట్టారు. వాళ్ళందరూ సముద్రాలు దాటి వచ్చింది మన అద్దకం బట్టల కోసం. 1864 తుఫానులో ఈ ఊళ్ళో ముప్పై వేలమంది దాకా పోయారు. ఇదంతా నేను స్కూల్లో చదివాను, "మసూలిపటం" అని. అది మన బందరే అని మాత్రం అప్పుడు తట్టలేదు.

సాయంత్రం పెడనలో మా ఫ్రెండ్ వాళ్ళింటికెళ్ళాం. వాళ్ళ నాన్నగారు కలంకారీ అద్దకం పనిచేస్తారు. ఆ సంగతి రెండేళ్ళుగా వాడు మాకు చెప్పనే లేదు. గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. నలుపు రంగు తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నానబెడితే వస్తుంది. పటిక అద్దినచోట ఉడకబెట్టాకే ఎరుపు తేలుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క అచ్చు. "గంటల తరబడి నిలబడి అద్దాలి బాబూ. స్క్రీన్ ప్రింట్ వచ్చాక తేడా ఎవరు చూస్తున్నారు? అందుకే వీణ్ణి కంప్యూటర్లలో వేశాం" అన్నారు అంకుల్. నాకేం మాట్లాడాలో తెలియలేదు. మా వాడు మాత్రం అచ్చు తీసుకుని, గుడ్డ మీద పెట్టి, చేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. పువ్వు ఎక్కడా చెదరలేదు. అసైన్‌మెంట్లు కాపీ కొట్టే వీడికి ఈ పని ఎప్పుడొచ్చిందా అని చూస్తూ ఉండిపోయాం.

వాడు మళ్ళీ ఆ పనే చెయ్యాలని నేనేం అనను. ఎండలో నిలబడేది నేను కాదు కదా. నేననేది ఒక్కటే. "మా ఊళ్ళో ఏముంది" అనే మాట వాడికి మనమే నేర్పాం. చూడకుండానే తక్కువ చేసి, వేరేవాళ్ళ ఊళ్ళకి లైకులు కొట్టి నేర్పాం. జమైకా వీడియోలో మనకు నచ్చిందేంటి? రోడ్డు పక్కన ఎవరో చేత్తో వండి పెట్టడమే కదా. అది ఇక్కడా ఉంది. బేరమాడకుండా ఒక గుడ్డ కొనండి, ఒక లడ్డు తినండి, కవర్ వెనక్కి తెచ్చుకోండి.

గోవా ఎక్కడికీ పోదు. ఈ ఆదివారం బందరు రోడ్డెక్కి, ఒక్కసారి చివరిదాకా వెళ్ళండి.